మేడ మీది కరెంటు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి కరెంటు పోయింది. మే నెలలో సీతాఫల్‌మండిలో కరెంటు పోవడం చెప్పుకోవాల్సిన సంగతేమీ కాదు. కానీ మోటారు వైండింగు మౌలా అలీ మాత్రం దానికోసం పదిహేడు రోజులుగా కాచుకుని కూర్చున్నాడు. ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందా అని ఆశగా తీగల వంక చూసే మనిషి ఈ ఊళ్లో ఇంకొకడు ఉండడు.

పదిహేడు రోజుల కిందటే ఆయన మేడ మీద సోలార్ పలకలు పని మొదలుపెట్టాయి. పలకలు ఆయన ఒక్కడివి కావు, గల్లీవి. పదకొండు ఇళ్లవాళ్లు సంఘం కట్టి కొనుక్కున్నారు. ఆ గల్లీలో ఎవరి మేడ మీదా నులకమంచం వాల్చేంత జాగా లేదు. మౌలా అలీ భార్య జాన్ బీకి పుట్టింటి నుంచి వచ్చిన ఇంటికి మాత్రం పిల్లలు క్రికెట్ ఆడుకునేంత మేడ ఉంది. ఆవిడ బట్టలారేసుకునే తాళ్లు విప్పేసి, ఆ మేడని సంఘానికి వదిలింది.

అందుకని కరెంటు పోగానే మౌలా అలీ సగం చుట్టిన మోటారుని పక్కనపెట్టి, చేతులు తుడుచుకుంటూ గల్లీలోకి వచ్చి నిలబడ్డాడు. పక్క గల్లీలోంచి "పోయింది, పోయింది" అని కేకలు వినిపించాయి. ఆయన మీసం కింద నవ్వుకున్నాడు. వాళ్లకి పోయింది, మనకి పోదు. ఇప్పుడు గల్లీ అంతా బయటికొచ్చి ఇదేం చిత్రమని చూడాలి. ఆయన చెవి అటు పెట్టి విన్నాడు. వినిపించింది ఏమిటంటే తన షాపులో టేబులు ఫ్యాన్ మెల్లగా, ఇంకా మెల్లగా తిరిగి ఆగిపోవడం.

లోపలికెళ్లి స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. రెక్కని వేలితో తోశాడు. అర చుట్టు తిరిగి నిలబడింది. "ఇదేంది" అని ఫ్యాన్‌నే అడిగాడు.

ఆయన పరేషాన్ ఎందుకో తెలియాలంటే జనవరిలో జరిగిన మీటింగు గురించి చెప్పాలి. జాన్ బీ ఇంట్లో పై వాటాలో అద్దెకుండే నవత, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే అమ్మాయి, ఆ రోజు గల్లీ జనాన్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడింది. ఊరంతటికీ కరెంటు ఇచ్చేది ఒక్కరే అయితే వాళ్లు ఇచ్చినప్పుడే వెలుతురు, వాళ్లు అన్నదే రేటు, మన కరెంటు మనమే పుట్టించుకుందాం, దానికి మనమందరం యజమానులుగా ఉందాం అంది. బాగానే చెప్పింది. సగం మందికి సగం అర్థమైంది, మిగతా సగం మందికి అదీ లేదు. చివరికి దోశె పిండి అమ్మే విమలమ్మ మౌలా అలీ వైపు తిరిగి, "నాకు గవన్ని తెల్వయి గని, నువ్వు చెప్పు మౌలన్నా. కరెంట్ పోయినప్పుడు ఇది ఉంటదా" అని అడిగింది.

"సూర్యుడు ఉన్నంతసేపు ఉంటది" అన్నాడు మౌలా అలీ.

అంతే. విమలమ్మ సంతకం పెట్టింది. ఆమెని చూసి ఇంకో నలుగురు పెట్టారు, వాళ్లని చూసి మిగతావాళ్లు పెట్టారు. నవత అటు మూల నుంచి ఏదో అడ్డుచెప్పబోయింది కానీ అప్పటికే చాయ్ వచ్చింది, ఎవరూ వినలేదు. మౌలా అలీ ఆ కాగితాలు చదవలేదు. ఏ మిషన్ వచ్చినా దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని, తెచ్చిన గిరాకీకే తిరిగిచ్చేసి, మిషన్ మీద చెయ్యి పెట్టి చూడటం ఆయన అలవాటు. కరెంటుని ఆయన చేత్తో ఎరుగును, కాగితం మీద ఎరగడు.

ఇప్పుడా విమలమ్మే మోచేతుల దాకా పిండితో గల్లీలో నడిచి వస్తోంది.

"మౌలన్నా, మా గ్రైండర్ ఆగింది."

"నా ఫ్యాన్ సుత ఆగింది చెల్లె."

"సూర్యుడు ఉన్నడు కద."

ఇద్దరూ తలెత్తి చూశారు. సూర్యుడు నిక్షేపంగా ఉన్నాడు. కళ్లు తెరవనిచ్చేలా లేడు.

"ఉన్నడు" అన్నాడు మౌలా అలీ.

"మరి?"

మోటార్ల గురించి ఎవరు ఏమడిగినా నలభై ఏళ్లుగా ఆయన నాలుక చివర జవాబుండేది. ఇప్పుడు నోరు తెరిస్తే గాలి వచ్చింది.

"పప్పు సగం నలిగి ఆగింది" అంది విమలమ్మ. "ఈ ఎండకు గంటసేపు అట్లనే ఉంటే పులుస్తది. మొన్ననే పద్మారావు నగర్ టిఫిన్ సెంటర్ ఆయన, పిండి పుల్లగ వస్తుందమ్మా, ఇంకోరి దగ్గర తీసుకుంట అన్నడు. నేను నీ మాట మీద సంతకం పెట్టిన అన్నా. అయిదు గంటలకు సంఘం కూడుతుంది కద. అండ్ల నా పేరు తీసేయమంట."

ఆమె గొంతు పెంచలేదు. రెండు తిట్టినా బాగుండేది, తిట్టిన మనిషి మర్నాటికి మామూలైపోతుంది. ఆమె మాత్రం ఉన్న మాట చెప్పి వెనక్కి తిరిగి నడిచింది. ఆమె పేరు పోతే ఆ నలుగురి పేర్లు పోతాయి, తర్వాత సంఘం నిలబడదు. పలకలు దింపాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఈ గల్లీలో బోరు మోటారైనా ఫ్రిజ్ అయినా "మౌలా అలీ చెప్పిండు" అంటే అదే ఆఖరి మాట. ఆ మాట పోయాక ఆయనకి మిగిలేది ఒక ఇనుప షట్టరూ రాగి తీగ ముక్కలూ. మౌలా అలీ నిజంగానే భయపడ్డాడు. అరవై రెండేళ్ల వయసులో గల్లీ మధ్య నిలబడి, చిన్నపిల్లాడిలా భయపడ్డాడు.

షట్టర్ దించి మేడెక్కాడు. మెట్ల దగ్గర జాన్ బీ "అన్నం చల్లారుతుంది" అంటే వినపడనట్టే వెళ్లాడు.

పలకలు పెనంలా కాలుతున్నాయి. వాటి పక్కన గోడకి ఇంత తెల్ల పెట్టె. పలకల్లో పుట్టిన కరెంటు ఇందులోంచే బయట తీగలోకి వెళ్లాలి. రోజూ పచ్చ దీపం వెలిగే పెట్టె మీద ఇప్పుడు ఎర్ర దీపం వెలుగుతోంది. ఆయన దాన్ని అరచేత్తో రెండు తట్లు తట్టాడు. ఎర్రదనం పోలేదు. నవతకి ఫోన్ చేశాడు.

"చాచా, బయట లైన్ పోతే మనది కూడ ఆగిపోతది" అంది నవత. "అది రూల్."

"సూర్యుడు పోలేదు బిడ్డా."

"సూర్యునితోని కాదు చాచా, లైన్‌తోని. మన కరెంట్ మన ఇండ్లకు నేరుగ రాదు. మొత్తం వాళ్ల తీగల కలుస్తది. ఎంత కలిసిందో మీటర్ల చూసి, ఒక్కొక్కరి బిల్లుల తగ్గిస్తరు. మీటింగ్‌ల చెప్పిన కద."

"మనది మన ఇంటికి రాదా?"

"వస్తది. అంటే, వచ్చేది మనదో ఇంకోరిదో చెప్పలేం."

మౌలా అలీ బుర్ర గోక్కున్నాడు. కేంద్రంలో పాలు పోసి, అక్కడే పాలు కొనుక్కుని, ఇవి మా బర్రెవేనా అని అడిగినట్టుంది వ్యవహారం. పలకలు సంఘానివి. మేడ జాన్ బీది. ఎండ దేవుడిది. తీగ మాత్రం వాళ్లది. మరి వాళ్ల తీగ పండుకుంటే మన ఎండెందుకు పండుకోవాలి?

"వాళ్లది బందైతే మనదెందుకు బంద్ కావాలె బిడ్డా?"

"సేఫ్టీ కోసం చాచా. క్లాస్‌ల ఉన్న. సాయంత్రం వచ్చి అంత చెప్త."

ఫోన్ పెట్టేశాక ఆ ఒక్క మాటే ఆయన చెవిలో మిగిలింది. సేఫ్టీ. ఏ ఆఫీసుకెళ్లినా, ఏ గేటు దగ్గర ఆపినా ఆ మాటే చెబుతారు. ఉన్నట్టుండి ఆయనకి అంతా తేటపడినట్టనిపించింది. వాళ్లు ఇవ్వరు, మనది మనల్ని వాడుకోనివ్వరు. అందుకే ఈ రూల్. అయోమయంలో ఉన్న మనిషికి ఒక్క సంగతి తేటపడితే, అది తప్పో ఒప్పో చూడకుండా వాటేసుకుంటాడు. మౌలా అలీ వాటేసుకున్నాడు.

పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. లోపల సన్నగా గుయ్యిమంటోంది. చావలేదు, ఆగి ఉంది, అంతే. బయట తీగలో కరెంటు జాడ కోసం చూస్తోంది. జాడే కదా కావాల్సింది. ఇంట్లో బ్యాటరీ మీద నడిచే చిన్న ఇన్వర్టర్ ఉంది, దాంతో ఆ జాడ చూపిస్తే ఇది లేచి కూర్చుంటుంది. ఎంతమంది ఇక పనికిరాదన్న మోటార్లని తను లేపలేదు?

ఆయన మరీ అంత ఆలోచన లేనివాడు కాదు. ఈ కరెంటు గల్లీ తీగలోకి వెళుతుందని తెలుసు. స్తంభం మీద ఎవరైనా ఉంటేనో? అది తెలుసుకోవడానికి ఆయనకొక గుర్తు ఉంది. లైన్‌మన్ బ్రహ్మచారి ఈ ఏరియాకి వచ్చి ఇరవై ఏళ్లు. గల్లీలో ఏ స్తంభం ఎక్కాలన్నా ముందు తన మోటార్‌సైకిల్ తెచ్చి మౌలా అలీ షాపు ముందు పెట్టి, "ఎక్కుతున్న భాయ్" అని చెప్పి వెళతాడు. మోటార్లు పరీక్ష చేయడానికి షాపులో జనరేటర్ ఉంది, దాని కరెంటు బయట తీగకి ఎక్కొచ్చు కాబట్టి మొదలైన అలవాటు అది. బండి అక్కడ ఉన్నంతసేపు మౌలా అలీ జనరేటర్ ముట్టడు. ఇరవై ఏళ్లలో ఆ మాట ఇద్దరిలో ఎవరూ తప్పలేదు.

మౌలా అలీ పిట్టగోడ మీంచి వంగి షాపు ముందుకి చూశాడు. బండి లేదు. అంటే స్తంభం మీద ఎవరూ లేనట్టే.

నిజానికి బ్రహ్మచారి అప్పటికే వచ్చి ఉన్నాడు. ఈ మేడకి కనపడని గల్లీ మొగలో స్తంభం మీద ఒక తీగ కాలిపోయిందని, సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ ఆపించింది ఆయనే. పన్నెండు నలభైకి కరెంటు పోయింది అందుకే. ఆ తర్వాత అలవాటుగా షాపు దాకా వచ్చి చూస్తే షట్టర్ దించి ఉంది. మనిషి లేడంటే జనరేటర్ కూడా లేనట్టే అనుకుని, వెనక్కి వెళ్లి బండిని చాయ్ హోటల్ ముందు నీడలో పెట్టి నిచ్చెన వేశాడు. ఆయన అనుకున్నదాంట్లో తప్పు లేదు. ఈయన అనుకున్నదాంట్లోనూ లేదు.

మౌలా అలీ చేతులు వాటంతట అవే పనిచేశాయి. తీగలు కలిశాయి. పెట్టె మీద ఎర్ర దీపం రెండుసార్లు ఆరి వెలిగి పచ్చబడింది.

గల్లీలో ఫ్యాన్లు తిరిగాయి. ఒక ఇంట్లో టీవీ మాట్లాడింది. ఎవరో "వచ్చింది" అన్నారు, ఇంకెవరో "పక్క గల్లీకి రాలేదు, మనకే వచ్చింది" అన్నారు. ఆ గోలలో విమలమ్మ గ్రైండర్ మోత వినిపించింది. దాని మోటారు ఆయన మూడుసార్లు చుట్టాడు, వందలో అయినా గుర్తుపడతాడు. ఆయనకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. మాట నిలబడింది అనుకున్నాడు.

నాలుగు నిమిషాలు. తర్వాత గల్లీ మొగలో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పెట్టె మీద మళ్లీ ఎర్ర దీపం. కింద ఎవరో ఆడమనిషి అరిచింది.

ఆయన వెళ్లేసరికి బ్రహ్మచారి పుచ్చకాయల బండి మీది పట్టాలో పడి ఉన్నాడు. పట్టా కర్రలు విరిగి, కాయలు రోడ్డు మీద దొర్లుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడి అరచెయ్యి మాత్రం చూడటానికి లేదు. పుచ్చకాయలమ్మే రోసమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగిస్తోంది.

"లైన్ బంద్ చేపిచ్చిన" అంటున్నాడు బ్రహ్మచారి, అందరి మొహాలూ చూస్తూ. "బంద్ చేసినమని వాళ్లు చెప్పినంకనే ఎక్కిన. ఎట్ల వచ్చింది? ఎక్కడికెళ్లి వచ్చింది?"

మౌలా అలీ కళ్లు చాయ్ హోటల్ ముందు ఉన్న మోటార్‌సైకిల్ మీద పడ్డాయి. "బండి ఇక్కడ పెట్టినవేంది చారీ" అని అడిగాడు.

"నీ షట్టర్ దించి ఉండె కద భాయ్" అన్నాడు బ్రహ్మచారి.

ఆటోలో ఎక్కించి ఆయన్ని ఆసుపత్రికి పంపారు. మౌలా అలీ మేడెక్కి తీగలు విప్పి, చుట్టి, షాపులో బల్ల కింద పెట్టాడు. ఎవరూ చూడలేదు. తర్వాత అన్నం ముందు కూర్చున్నాడు కానీ తినలేకపోయాడు. కుడి చెయ్యి వంకే చూసుకుంటూ కూర్చున్నాడు.

అయిదు గంటలకి సంఘం మేడ మీదే కూడింది. పలకల నీడ పిట్టగోడ దాకా సాగింది, ఆ నీడలో చాపలు పరిచారు. బ్రహ్మచారి బండి కోసం తిరిగొస్తే జనం ఆయన్నీ పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి కట్టు మోచెయ్యి దాకా ఉంది. కరెంటు తంతే దూరంగా పడ్డావు కాబట్టి బతికావు, పట్టుకుని ఉంటే పోయేవాడివని డాక్టర్ అన్నాడట.

"సబ్‌స్టేషన్‌ల కూసున్నోడు చూడకుండ ఆన్ చేసిండు" అన్నాడు బ్యాటరీల షాపు ఓంప్రకాశ్. "వాళ్లకు పబ్లిక్ పానం అంటే లెక్కలేదు. అందుకే మన కరెంట్ మనకుండాలె అనేది."

అందరూ అవునన్నారు. బ్రహ్మచారి ఒక్కడే తల అడ్డంగా ఊపాడు. "ఆపరేటర్ ఆశీష్ అని, కొత్తగ వచ్చిండు. ఎంక్వైరీ పెట్టిన్రు, రేపు సస్పెండ్ చేస్తరట. బందే చేసిన అన్నా, నా తోడు అని ఫోన్‌ల ఏడుస్తున్నడు. నాకేం సమజైతలేదు. ఆయన అబద్ధం చెప్తున్నడనిపిస్తలేదు. అబద్ధం కాకుంటే కరెంట్ ఎక్కడికెళ్లి వచ్చింది?"

"ఎక్కడికెళ్లి వస్తేంది, వచ్చింది కద" అంది విమలమ్మ. "మౌలన్న చెప్పిందే అయింది. నాలుగు నిమిషాల్ల నా పప్పు నలిగింది. నవతా, నా పేరు ఉండనియ్యి."

నవత చేతిలో కాగితాలు పట్టుకుని కనుబొమలు ముడిచింది. "అది కావడానికి లేదు ఆంటీ. వాళ్లది బంద్ ఉంటే మనది రాదు. మనది రాకుంటే ఎవరిది వచ్చినట్టు?"

ఒకాయన పాత తీగల్లో కరెంటు మిగిలి ఉంటుందేమో అన్నాడు. ఇంకొకాయన అది పక్క లైన్ నుంచి దూకి ఉంటుందన్నాడు. అంతమందిలో జవాబు తెలిసినవాడు ఒక్కడే, వాడు చాప చివర కూర్చుని మోకాళ్లు పట్టుకుని ఉన్నాడు. నోరు మూసుకుంటే చాలు. సంఘం నిలబడుతుంది. విమలమ్మ పేరు ఉంటుంది. మౌలా అలీ చెప్పాడంటే జరుగుతుందని గల్లీ ఇంకో నలభై ఏళ్లు చెప్పుకుంటుంది. పోయేదల్లా తను ఎన్నడూ చూడని ఆశీష్ ఉద్యోగం. వాడేమైతే నాకేమిటి అని మనసులో అనుకుని చూశాడు. అనుకోగలిగాడు కానీ కూర్చోలేకపోయాడు.

లేచి నిలబడ్డాడు.

"అది వాళ్ల కరెంట్ కాదు. మనదే. నేను పెట్టిన."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన పెట్టె దగ్గరికి వెళ్లి ఏం చేశాడో వేలితో చూపిస్తూ చెప్పాడు. పిట్టగోడ మీంచి వంగి బండి కోసం ఎట్లా చూశాడో చెప్పాడు. చెబుతున్నంతసేపూ బ్రహ్మచారి వైపు చూడలేకపోయాడు. జాన్ బీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"చాచా, అది ఆగేది అందుకోసమే" అంది నవత మెల్లగా. "స్తంభం ఎక్కినోళ్లు చావొద్దని."

"ఇప్పుడు తెలిసింది బిడ్డా. జనవరిల అడగాల్సింది. అడిగితే ఇజ్జత్ పోతదనుకున్న."

బ్రహ్మచారి కోపగించుకుంటాడని, లేచి వెళ్లిపోతాడని అందరూ అనుకున్నారు. ఆయన ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీసి, నంబర్ నొక్కబోయి, చేతకాక మౌలా అలీకి అందించాడు.

"ఆశీష్ నంబర్ పైనే ఉంటది. నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన గొంతులో భాయ్ అన్న మాట లేదు. ఆ లోటు మౌలా అలీకి తగలాల్సిన చోట తగిలింది.

ఫోన్ కలిసింది. "సార్, మీరు బంద్ చేసిన లైన్ బందే ఉండె" అన్నాడు మౌలా అలీ. "మీ తప్పేం లేదు. సీతాఫల్‌మండిల మా మేడ మీది సోలార్ కరెంట్ తీగలకు ఎక్కింది. రేపు ఎంక్వైరీకి నేనొచ్చి చెప్త."

అవతల ఆశీష్ కాగితం వెతుక్కుని, "రాసుకోవాలె సార్. ఆ కరెంట్ ఎవరిది, పేరు చెప్పండి" అన్నాడు. మేడ మీద నిశ్శబ్దంగా ఉండటంతో ఆ మాట అందరికీ వినపడింది.

"నాది సార్" అన్నాడు మౌలా అలీ. "రాసుకోండి, మౌలా..."

విమలమ్మ లేచి వచ్చింది. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"ఆయన ఒక్కనిది కాదు సార్, మాది. పదకొండు ఇండ్లది. పేర్లు రాసుకోండి. ఫస్ట్ నాది రాయండి, విమలమ్మ, పిండి గిర్ని పక్క ఇల్లు."

ఆమె రెండో పేరు కోసం వెనక్కి తిరిగింది. ఓంప్రకాశ్ కొద్దిసేపు తటపటాయించి, లేచి నిలబడ్డాడు.